బంతి, వంతు

ఈ మాసము ఈ పుటలో బంతియాటను గూర్చి వ్రాయుట చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఊరగాయలను గూర్చియు, పసిబిడ్డల దగ్గులను గూర్చియు వ్రాయుచుండు చేతికి ఇదేమి పని యందురేమో! పని మా యింటిలోనే పుట్టినది. అందుచేత వ్రాయక తప్పలేదు.

2025 నవంబరు 2వ తేదీ ఆదివారమున నవీ ముంబయిలో స్త్రీల ప్రపంచ కప్పు క్రికెట్టు తుదిపోటీ జరిగినది. వానవలన రెండు గంటలు ఆలస్యమై, సాయంకాలము అయిదింటికి మొదలయి, నడిరేయి వరకు సాగినది. చిత్తూరులోని మా యింట ఆ రాత్రి మా అత్తగారు మొదలు పన్నెండేండ్ల మా అమ్మాయి వరకు ఎవరును రెప్ప వేయలేదు. ఇరుగుపొరుగు అమ్మలు నలుగురు వచ్చి చాపమీద కూర్చుండిరి. మనవారు 298 పరుగులు చేసిరి. దక్షిణాఫ్రికావారు దానిని దాటవలెను. ఎడమచేతితో బంతిని త్రిప్పి వేయుచున్న శ్రీచరణి మన పొరుగున నున్న కడప జిల్లా పిల్ల యని తెలిసినది మొదలు మా అత్తగారు మరియొకరిని చూడనొల్లరైరి. ఆరు బంతులు కాగానే బంతి వేరొకరి చేతికి పోవుట వారికి మింగుడుపడలేదు.

“ఏమ్మీ, కడప పిల్ల బాగా యేస్తా వుంటే, ఆ పిల్ల చేతిలోంచి పెరుక్కోని ఇంగొకతికి ఇస్తారేందే?” అని మనుమరాలి నడిగిరి.

“ఒకరే వరసగా రెండు ఓవర్లు యెయ్యకూడదవ్వా. మొత్తం మీద ఒక్కొక్కరికి పది ఓవర్లే. యాభై ఓవర్లకి తక్కువలో తక్కువ అయిదుమంది కావాల.”

“అట్లనా! బంతిలో వడ్డన మాదిరి. కూర యేసేది ఒకతి, చారు పోసేది ఒకతి” అని వారు తృప్తిపడిరి. మేము నవ్వితిమి గాని, ఆ మాట మమ్ము తరువాత చాల దినములు వదలలేదు. అందుకు కారణ మున్నది.

ఆ రాత్రి మొదలు మా అమ్మాయికి బంతి తప్ప వేరొక ధ్యాస లేదు. ప్రతి సాయంకాలము మైదానమునకు పోవుటయే. అక్కడ తిన్నగా బంతి వేయగల పిల్ల ఇదొక్కతె యగుటచే, నేర్పువారు దినదినము దీనిచేతనే వేయించుచుండిరి. పిల్లయు పొంగిపోయి వేయుచుండెను. నెల తిరుగకముందే ఒక ఉదయమున జడ వేయుచుండగా “అమ్మా, భుజం” అని మూలిగినది. ఇంటిలో అందరును ఆట మానిపించుమనిరి. మాకును మొదట అదియే తోచినది. మానిపించుటకు ముందు, ఎప్పుడును బంతి వేయుటయే వృత్తిగా గలవారు తమ చేతుల నెట్లు కాపాడుకొనుచున్నారో తెలిసికొందమని పుస్తకములు తిరుగవేసితిమి.

అమెరికాలో బేస్‌బాల్ అను ఆట యున్నది. అందులో బంతి విసరువానిని పిచ్చరు అందురు. ఆరు బంతులకు చేయి మార్చు నియమము వారికి లేదు. ఆట మొదలుపెట్టిన పిచ్చరు అలసి పోవువరకు, ఉన్న బలమంతయు పెట్టి విసరుచునే యుండును. అందుచేత వానికి మరునాడు విశ్రాంతి. నాలుగైదు దినముల పిమ్మట గాని మరల వంతు రాదు. ఇట్లు వంతుల ప్రకారము దిగు నలుగురైదుగురి వరుసను వారు రొటేషన్ అందురు. జట్టు మంచిదా కాదా యనుటకు మొదట చూచునది ఆ వరుసనే.

వంతు లేనిచో ఏమగునో 1884లో తేలినది. ప్రావిడెన్సు నగరపు జట్టులో చార్లెస్ రాడ్‌బర్న్ అను పిచ్చరుండెను. పని పంచుకొనుచుండిన రెండవవాడు నడుమ జట్టు విడిచి పోగా, ఆ భారమంతయు ఇంచుమించుగా ఇతని భుజముమీదనే పడినది. ఆ యేట అతడు గెలిచిన ఆటలు 59 అని కొందరు, 60 అని కొందరు లెక్కింతురు. ఒక్క యేట అన్ని గెలిచినవాడు నేటికిని లేడు. జట్టు ఆ యేటి పోటీలలో మొదటిది గానే నిలిచెను. కాని తెల్లవారి లేచి తల దువ్వుకొనుటకు సైతము ఆ చేయి పైకి లేచెడిది కాదని చెప్పుకొందురు. ఇది చదివినప్పుడు మాకు ఆటగాండ్రెవరును తలపునకు రాలేదు. అయిదు దినముల పెండ్లికి ఒంటిచేత వంట చేసి, ఆరవనాడు కొప్పు ముడుచుకొనలేక మా అమ్మను పిలిచిన మా మేనత్త తలపునకు వచ్చినది.

వరుస గొప్పదైనంతమాత్రమున జయము చేతికి వచ్చిన దనుకొనరాదు. 1971లో బాల్టిమోర్ జట్టులో మెక్‌నాలీ 21 ఆటలును, క్వేయార్, పామర్, డాబ్సన్ తలకు 20 ఆటలును గెలిచిరి. అంతకుముందు 1920లో షికాగోవారికి తప్ప నలుగురును ఇరువదికి చేరుట మరెవ్వరికిని జరుగలేదు. అట్టి నలుగురుండియు ఆ యేటి కడపటి పోటీలో పిట్స్‌బర్గువారి చేతిలో ఓడిరి!

మన దేశమునను అట్టి నలుగురుండిరి. బేడీ, చంద్రశేఖర్, ప్రసన్న, వెంకటరాఘవన్ అను వీరి పేర్లు మీ యింటి పెద్దలు చెప్పగా వినియే యుందురు. టెస్టులలో వీరు వరుసగా 266, 242, 189, 156 వికెట్లు, వెరసి 853 తీసిరి. చంద్రశేఖర్ బంతి వేసిన కుడిచేయి చిన్నతనమున పోలియో సోకి సన్నబడిన చేయి. ఇంత గొప్ప నలుగురును కలసి ఒకే టెస్టులో ఆడినది ఒక్కసారి మాత్రమే. అది 1967లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామున జరిగినది. అదియు ఓటమియే. ప్రసన్న, వెంకటరాఘవన్ ఇరువురును ఒక్క తీరు బంతి వేయువారగుటచే, ఒకరు లోపల నున్నప్పుడు వేరొకరు తరచుగా వెలుపల కూర్చుండవలసి వచ్చెడిది. వీరికి ముందు కొత్త బంతితో వేసి దాని మెరుగు పోగొట్టుట హైదరాబాదు వాడైన ఆబిద్ అలీ వంటివారి పని. 1971లో ఓవల్ మైదానమున చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసిన జయము నందరును చెప్పుకొందురు. నాడు గెలుపు పరుగు కొట్టిన ఆబిద్ అలీని ఎందరు తలతురు? పందిరి వేసినవాని పేరు శుభలేఖలో నుండదు గదా.

ఇవన్నియు చదివిన పిమ్మట ఆ నవంబరు రాత్రి లెక్కను మరల తీసి చూచితిమి. ఆ రాత్రి బంతి ఏడుగురి చేతులు తిరిగినది. రేణుకా సింగ్ 8 ఓవర్లు వేసి 28 పరుగులే యిచ్చెను. వికెట్టు ఒక్కటియు లేదు. శ్రీచరణికి 9 ఓవర్లలో దక్కినది ఒక్కటి. అదియు బాష్ పరుగు తీయకముందే తీసినది. షఫాలీ వర్మ మొదట ఎంచిన జట్టులోనే లేదు. గాయపడిన పిల్లకు బదులుగా తుదిపోటీకి ముందరి ఆటకు వచ్చినది, బంతి వేయుట ఆమెకు ముఖ్యమైన పనియు కాదు. అయినను నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్ ఆమె చేతికి బంతి నిచ్చుట, ఆమె వెంటవెంటనే ఇద్దరిని పంపుట మీరును చూచియుందురు. కడపట దీప్తి శర్మ 39 పరుగులకు 5 వికెట్లు తీసెను. ఎదుటివారు 246 పరుగులకు ముగిసిరి. మరునాటి పత్రికలలో బంతి వేసినవారిలో పెద్దపేరు దీప్తిది, షఫాలీది. న్యాయమే. కాని రేణుక పరుగులను బిగబట్టి యుండకున్నచో ఎదుటివారికి తొందర ఎట్లు పుట్టును? కూరకు రుచి వచ్చినప్పుడు పోపునే మెచ్చుకొందుము గాని, అంతసేపు సన్నని సెగపై ఉడికించినవారి నడుగము.

మా అత్తగారు మాత్రము ఆ జయమంతయు కడప పిల్లదేయని నేటికిని వాదింతురు. వారి వాదము బొత్తిగా కొట్టివేయదగినది కాదు. ఆ పోటీలలో శ్రీచరణి తొమ్మిది ఆటలలో 14 వికెట్లు తీసెను. అంతకు నాలుగు నెలల ముందు జూను 28న ఇంగ్లండులోని నాటింగ్‌హామున, ఇరువది ఓవర్ల ఆటలలో దేశము తరఫున తాను ఆడిన మొదటిదానిలోనే, 12 పరుగులకు నలుగురిని పంపెను.

ఆ జట్టుననే హైదరాబాదు పిల్ల అరుంధతీ రెడ్డి కూడ నుండెను. 2024 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్తులో 26 పరుగులకు 4 వికెట్లు తీసిన పిల్ల. ప్రపంచ కప్పు నెలంతయు జట్టుతో తిరిగినను ఒక్క ఆటలోను ఆమెకు వంతు రాలేదు. అలసిన చేతి నొప్పి మనకు కనబడును. వంతుకై కూర్చున్న చేతి నొప్పి ఎవరికి కనబడును?

అమెరికాలో పిల్లలాడు లిటిల్ లీగు ఆటలకు ఒక నియమ మున్నది. పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలు ఒక దినమున 85 బంతులకు మించి విసరరాదు. 66గాని అంతకు పైనగాని విసరినచో నాలుగు దినములు విశ్రాంతి తీసికొనవలెను. పెద్దలేమందురో, పిల్ల యెంత యేడ్చునో అను ప్రశ్న లేదు. లెక్క వ్రాసియుంచుటయే. విసరు తీరు వేరైనను పసి భుజము పసి భుజమే గదా. ఈ కాగితమును పట్టుకొని నేర్పువారి యొద్దకు పోయితిమి. మొదట వారు ముఖము చిట్లించిరి, “తక్కినవాళ్ళు తిన్నగా వేయలేరమ్మా” అనిరి. వేయనిచ్చినచో గదా నేర్చుకొందురంటిమి. వైద్యురాలు మూడు వారములు చేయి నాడింపవద్దనెను. పిమ్మట వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగు ఓవర్లు మాత్రమేయని ఒప్పందమైనది.

ఇప్పుడు తిరుపతినుండి వచ్చి చేరిన మరియొక పిల్లయు, మా పొరుగింటి పిల్లయు బంతి వేయుచున్నారు. వంతు లేని దినములలో మా అమ్మాయి గట్టున కూర్చుండి ఎవరెన్ని బంతులు వేసిరో ఒక నోటుపుస్తకములో గీతలు గీయుచున్నది. మొన్న తన పేరునకు ఎదురుగా రెండు గీతలు తక్కువ వేసికొని, అదనముగా రెండు బంతులు వేసినదట. మా అత్తగారు కనిపెట్టిరి.