విమానం దిగాక అందే విద్యానిధి

విదేశీ విద్యకు దరఖాస్తు చేసుకునే దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఐదారేళ్లుగా ఆదివారాల్లో నేను, మరికొందరు సహోద్యోగులం చేతనైన సాయం చేస్తున్నాం. దరఖాస్తులు దిద్దిపెట్టడం, సిఫార్సు లేఖలు రాయడం, కోర్సు గురించి ఉన్నదున్నట్లు చెప్పడం మా పని. అలా వచ్చినవారిలో నల్లగొండ జిల్లాకు చెందిన ఒక మాదిగ యువతి క్లినికల్ న్యూరోసైన్స్‌లో మాస్టర్స్ చేస్తానంది. ఆమె ఫిజియోథెరపీ పట్టభద్రురాలు. తల్లి వ్యవసాయ కూలి. ఈ కోర్సే ఎందుకమ్మా అని అడిగితే, ‘మా మేనమామ కోసం సార్’ అంది.

ఆ మేనమామ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఫ్లోరోసిస్ అనగానే వంకర తిరిగిన కాళ్లు, గారపట్టిన పళ్లు మన కళ్ల ముందు మెదులుతాయి. వెన్నెముక ఎముకలు అతిగా పెరిగి లోపలి వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయనీ, అప్పుడది నాడీవ్యాధి అవుతుందనీ చాలామందికి తెలియదు. ఆయనను ఆసుపత్రుల చుట్టూ తిప్పింది ఈ అమ్మాయే. పడక చుట్టూ గుమిగూడిన వైద్య విద్యార్థులు ఆయన మోకాళ్ల మీద సుత్తితో తట్టి చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయేవారట. మన శరీరాలు పాఠాలవుతున్నాయి, ఆ పాఠాలు నేర్చేవారిలో మనమెందుకు లేము? ఆమెను ఈ శాస్త్రం వైపు నడిపించిన ప్రశ్న ఇది.

లండన్‌లోని క్వీన్ స్క్వేర్ పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నాడీవ్యాధుల వైద్యానికి, పరిశోధనకు పేరుపొందిన చోటు. బ్రిటన్‌లో పలు విశ్వవిద్యాలయాలు ఈ మాస్టర్స్‌ను ఏడాది కోర్సుగా నడుపుతున్నాయి. మెదడు నిర్మాణం, స్కానింగ్ చిత్రాల విశ్లేషణ, మూర్ఛ, పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు వ్యాధులు, గణాంక శాస్త్రం, చివర ఒక పరిశోధన వ్యాసం - ఇంతటి చదువును ఏడాదిలో ముగించాలి. మా విద్యార్థినికి లండన్‌లోనే ఒక విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధికి కూడా ఎంపికైంది. ఇక కష్టాలు తీరాయనుకున్నాం. అసలు లెక్క అక్కడే మొదలైంది.

విద్యానిధి కింద గరిష్ఠంగా ఇచ్చేది 20 లక్షల రూపాయలు. లండన్‌లో విదేశీ విద్యార్థికి ఇటువంటి కోర్సు ఫీజే 30 వేల పౌండ్లు దాటడం మామూలు. అంటే 30 లక్షలకు పైమాటే. ఆ 20 లక్షలైనా ముందు చేతికి రావు. ఆ దేశంలో దిగినట్లు ఆధారం చూపాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక మిగతా సగం ఇస్తారు. వీసా కావాలంటే మాత్రం చెల్లించాల్సిన ఫీజుతోపాటు తొమ్మిది నెలల జీవన వ్యయం 28 రోజులపాటు ఖాతాలో నిలవ ఉన్నట్లు చూపాలి. పథకానికి అర్హత ఏటా ఐదు లక్షలలోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే. అటువంటి కుటుంబం ఖాతాలో లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? అర్హతకు పేదరికాన్ని, ప్రయాణానికి సంపదను ఒకే ఇంటి నుంచి ఒకే నెలలో రుజువు చేయమంటున్నాం.

ఆ కుటుంబం తెచ్చిన అప్పుల్లో ఒక్క ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిందే 12 లక్షలు. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 36 వేలు. విద్యానిధి మొదటి విడత ఆమె లండన్ చేరిన ఆరో నెలలో వచ్చింది. రెండో విడతకు సెమిస్టర్ ఫలితాలు అడిగారు. ఆ కోర్సులో సెమిస్టర్లు లేవు, టర్ములున్నాయి. పరీక్షామండలి ఆమోదించేవరకు మార్కులన్నీ తాత్కాలికమే. ఈ సంగతి వివరిస్తూ ఆమె రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

విద్యార్థి వీసాపై చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. ఆమె ఒక వృద్ధాశ్రమంలో రాత్రి పనికి కుదిరింది. పగలు తరగతిలో మతిమరుపు వ్యాధి గురించి వినేది. రాత్రి అదే వ్యాధి ఉన్న వృద్ధులకు బట్టలు మార్చేది. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి నిద్ర ఎంత అవసరమో ఆచార్యుడు వివరిస్తున్న రోజున, ముందు రాత్రి కన్ను మూయని ఆమె వెనుక వరుసలో కునికిపాట్లు పడిందట. ఫోనులో ఈ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటి సంగతి మరోటి. తెలుగు విద్యార్థులతో కలిసి అద్దెకు దిగింది. మొదటి వారంలోనే ఇంటిపేరు అడిగారు. తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఇల్లు ఎటువైపు అన్న ప్రశ్న. ఆపైన కలిసి వండుకోవడం ఆగిపోయింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. విశ్వవిద్యాలయానికి చెప్పుకుందామంటే, వారి సమానత్వ పత్రంలో ఆమెకూ, ఆమెను దూరం పెట్టినవారికీ ఉన్నది ‘ఇండియన్’ అనే ఒకే గడి. కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చాలని బ్రిటిష్ పార్లమెంటు 2013లో నిర్దేశించింది. చట్టం తేబోమని, కోర్టు తీర్పులే చాలునని 2018లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కులం విమానమెక్కి వెళ్లింది, దానిపై ఫిర్యాదు చేసే మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

‘ఇరవై లక్షలు ఇస్తుంటే ఇంకేం కావాలి? మెదడుంటే ఎలాగైనా నెగ్గుకొస్తారు’ అని విద్యావంతులే అంటుంటే విన్నాను. మెదడు గురించి వారు ఆమె పాఠ్యాంశాల్లో ఒక్కటి చదివినా బాగుండేది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం దాదాపు పాతిక వేల వీధులను కంఠతా పట్టాలి. దిశలు, దారుల జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ వెనుక భాగం వారిలో ఇతరుల కంటే పెద్దదిగా ఉందని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చూపింది. శిక్షణ పూర్తిచేసి నెగ్గినవారిలో ఆ మార్పు శిక్షణ కాలంలోనే వచ్చిందని 2011లో మరో అధ్యయనం తేల్చింది. సాధనతో మెదడు మారుతుంది. సాధనకు సమయం కావాలి, నిద్ర కావాలి, అప్పులవాడి ఫోను మోగని రాత్రి కావాలి. ప్రతిభ అని మనం కొలుస్తున్న దాంట్లో వీటి వాటా ఎంతో ఎన్నడైనా లెక్క కట్టామా?

ఈ కథ మనకు కొత్తదేమీ కాదు. బరోడా మహారాజు ఉపకార వేతనంతో 1913లో కొలంబియాకు, 1916లో లండన్‌కు వెళ్లిన అంబేద్కర్, వేతన గడువు ముగియడంతో 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావలసివచ్చింది. సొంత పొదుపు, షాహూ మహారాజ్ సాయం, మిత్రుడి అప్పు కూడగట్టుకుని 1920లో మళ్లీ వెళ్లి, 1923లో డాక్టరేట్ అందుకున్నారు. ఆయన పేరు పెట్టుకున్న పథకమే ఆయన పడిన ఇబ్బందిని ఈనాటి పిల్లలకు పంచుతోంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పేరులో ‘క్లినికల్’ ఉన్నా ఈ డిగ్రీ రోగికి వైద్యం చేసే అధికారం ఇవ్వదు. ఇది పరిశోధనకు పునాది వేసే చదువు. కన్సల్టెన్సీలు ఈ మాట చెప్పవు. తెలిసి వెళ్లిన మా విద్యార్థినికి కూడా తిరిగి వస్తే ఏ కొలువు ఉందో చెప్పగలిగినవారు లేరు.

ప్రభుత్వం చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. ఎంపికైన వెంటనే, వీసాకు ముందే మొదటి విడతను నేరుగా విశ్వవిద్యాలయానికి చెల్లించాలి. పరిమితిని వాస్తవ ఫీజుకు ముడిపెట్టాలి. సెమిస్టర్ ఫలితాలకు బదులు విశ్వవిద్యాలయం ఇచ్చే హాజరు ధ్రువపత్రాన్ని అంగీకరించాలి. తిరిగి వచ్చినవారికి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన పోస్టులు కల్పించాలి.

ఆమె డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు అదే వృద్ధాశ్రమంలో పూర్తి సమయం పనిచేస్తోంది. ఎప్పుడొస్తావమ్మా అని మొన్న అడిగాను. ‘అసలు కొంతైనా తీరాక సార్, ఇప్పటిదాకా కట్టింది వడ్డీయే’ అంది. నల్లగొండలో ఆ మేనమామ మంచం మీదే ఉన్నాడు.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)