పలనాటి పత్తిగింజ - చేపల మేత

దాచేపల్లి చుట్టుపట్టుల నల్లరేగడి చేలలోని పత్తిని జూచినపుడు మనమెల్లరము దూదినే యెంచుదుము. గింజను దలచువారు కొలదిమంది. నూనె తీసిన పిమ్మట మిగిలిన గింజల చెక్క గేదెల గాడికి జేరును. ఆ చెక్కనే నేడు చేపల చెరువులును గోరుచున్నవి. ఈ పోటీని గూర్చి పలనాటి ప్రజలు సకాలమున యోచింపవలసియున్నది.

కైకలూరు, ఆకివీడు ప్రాంతముల రైతులు రోహు, కట్ల చేపలకు నూనె తీసిన తవుడును, వేరుసెనగ చెక్కను, పత్తి చెక్కను సంచులలో గట్టి చెరువునీట వ్రేలాడదీయుదురు. వారి వ్యయములో సగమునకు బైగా మేతకే యగును. రొయ్యల మేతలో సముద్రపు చిఱుచేపల పొడిని గూడ కలుపుదురు. అందు మాంసకృత్తులు నూటికి 60 పాళ్లకు మించి యుండును. కాని సముద్రము అక్షయపాత్ర కాదు. 1972లో పెరూ తీరమున నెత్తళ్లు సన్నగిల్లగా లోకమంతట చేపపొడియు, దాని వెంట సోయా చెక్కయు ప్రియమయ్యెను. 2023లో నచటి ప్రభుత్వము మొదటి వేటకాలమునే రద్దుచేసెను. మనుజులు తినదగిన చేపను పొడిచేసి వేఱొక చేపకు బెట్టుట యెంతకాలము సాగును?

సోయాయే దిక్కందమా, అదియు నిలుకడ లేనిదే. 2021లో దాని ధర మితిమీఱగా కేంద్రప్రభుత్వము జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల వఱకు దిగుమతి చేసికొన ననుమతించెను. పెరటిలోని గింజను మఱచి పరదేశపు నోడకై యెదురుచూచుట వివేకము కాదు.

అట్లని పత్తి చెక్క దోషరహితమని మేము చెప్పము. అందు గాసిపాల్ అను విషపదార్థము గలదు. నెమరువేయు పశువులు దానిని గొంతవఱకు సహించును. చేపలకది హెచ్చినచో నెదుగుదల కుంటుపడును. వేడిచే నది యణగును గాని, వేడి మితిమీఱిన లైసిన్ అను ముఖ్యాంశము చేపకు దక్కదు. కావున దానిని గుడ్డిగా జెరువులో గుమ్మరించిన రైతు తన సొమ్మును నీటిపాలు చేసికొనినవాడగును.

మఱియొక యాక్షేపణము గలదు. చెక్క చేపలకు బోయినచో పాడిగేదె యేమి తినవలెను? ఒకటి రెండు గేదెలతో సంసారము నీడ్చు పేదయిల్లాలి పక్షమున నీ ప్రశ్న న్యాయమైనది. దీనికి మా సమాధాన మిది: గింజను బొట్టుతో గూడ నాడింపక, పొట్టు వేఱు చేయవలెను. పొట్టుతోడి చెక్కలో మాంసకృత్తులు నూటికి 25 పాళ్లకు లోపుగా నుండగా, పొట్టు తీసిన దానిలో 40కి చేరువగా నుండును. ఈ రెండవది చేపలకు దగును. పొట్టును, పొట్టుతోడి చెక్కలో గొంతభాగమును పశువులకు నిలుపవచ్చును. ఒకరి కంచము లాగి మఱొకరికి వడ్డింప బనిలేదు.

ఇందుకు గావలసిన దొక్కటి, పరీక్ష. ప్రతి బస్తాపై మాంసకృత్తుల పాళ్లును, గాసిపాల్ మోతాదును అచ్చువేయవలెను. బరువును మాత్రమే చూచి బేరమాడినంతకాలము కల్తీవానిదే పైచేయి. పలనాడు ప్రత్యేక జిల్లాయై 2022 నుండి తన పాలనను దాను జూచుకొనుచున్నది. గింజ పండు చోటనే పరీక్షాశాలను నెలకొల్పుట యధికారుల విధి. దానిని గోరి పట్టుబట్టుట రైతుసంఘముల విధి. అంకె లేని బస్తాకు రొక్క మీయమని కొనువారు నిశ్చయించుకొన్ననాడు, గానుగలు తమంతట దామే దారికి వచ్చును.