ర్యాంపుకు నోటీసు అక్కర్లేదట!

ఈ వారం మా పక్క వీధిలో మున్సిపల్ సిబ్బంది జేసీబీ తెచ్చి ఓ ఇంటి ముందున్న ర్యాంపు పగలగొట్టి పోయారు. ఆ ఇంట్లో చక్రాల కుర్చీలో తిరిగే పెద్దాయన ఉన్నాడు. ఆ ర్యాంపు ఎవరి కోసమని అడిగిన నాథుడు లేడు. అదే వరసలో రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు లేపిన మేడ మాత్రం చెక్కుచెదరలేదు. దాని యజమాని, రుసుం కట్టి అక్రమాన్ని సక్రమం చేసుకునే క్రమబద్ధీకరణ పథకం కోసం చూస్తున్నాడు. ఆయన ధీమా ఊరికే రాలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో, 2015లో విడిపోయిన రెండు రాష్ట్రాల్లోనూ ఆ వరం దక్కింది కదా! అంతస్తుకు రేటుంది. ర్యాంపుకు లేదు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదు రోజుల తేడాలో రెండు తీర్పులిచ్చింది. 8న, వికలాంగులకు ప్రవేశ సౌకర్యాల నిబంధనలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండంది. హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం నివేదికే ఆ తీర్పుకు ఊతం. 13న, బుల్డోజర్ కదిలే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలంది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్ వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలను అందులోంచి మినహాయించింది. అక్రమ మేడకు నోటీసు, వాదన, అప్పీలు. ర్యాంపుకు సుత్తి దెబ్బ!

ఆక్రమణ ఆక్రమణే కదా అంటారా? నిజమే, అడ్డదిడ్డంగా దించిన ర్యాంపు ఫుట్‌పాత్ మీద వచ్చే మరో చక్రాల కుర్చీని ఆపేస్తుంది. తీసేయాల్సినవీ ఉంటాయి. తీసే ముందు ఆలోచించమనే నా మొర. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్ ప్రకారం, స్థానిక సంస్థ ఇలాంటి చర్యకు దిగేముందు వికలాంగుల సంగతి పట్టించుకోవాలి. చివరికి కూల్చవచ్చు. కానీ ఆలోచించారా అని కోర్టు నిలదీస్తుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం తక్కువదేం కాదు. వికలాంగులకు తగిన వెసులుబాటు కల్పించే బాధ్యత 3వ సెక్షన్ ప్రభుత్వం మీదే పెట్టింది. ప్రవేశ నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతే ఇవ్వొద్దని 44వ సెక్షన్ చెబుతోంది. ఉన్న ప్రజా భవనాలను సరిదిద్దే అయిదేళ్ల గడువు 2022లోనే దాటింది. మెట్లే దిక్కైన ఆఫీసు ముందు జేసీబీ ఆగడం నేనెన్నడూ చూడలేదు. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా పదివేలు దాటదు!

అసలు ర్యాంపు వీధిలోకి ఎందుకొస్తుంది? అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. గడప మూడడుగుల ఎత్తుంటే ముప్పై ఆరడుగులు కావాలి. చిన్న స్థలాల్లో ఇంటి ముందు వదిలే జాగా అయిదడుగులు. గడప అంతెత్తున ఎందుకు కడతారు? వానొస్తే రోడ్డు నీళ్లు ఇంట్లోకి రాకుండా. రోడ్డు ఇంటికంటే ఎత్తెందుకయింది? పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు కాబట్టి. బేతాళ కథల్లా ఎటు తిరిగినా ఆ పొర పోసే రోడ్డు కాంట్రాక్టరు దగ్గరికే వస్తాం. ఎన్నికలకో పొర, పండక్కో పొర, మంత్రిగారి రాకకో పొర. పాత ఇళ్లు గుంటల్లోకి దిగుతున్నాయి, కొత్తవి మిద్దెల్లా లేస్తున్నాయి. నడుం నొప్పి ఉన్న ప్రతి ముసలమ్మకూ ఈ లెక్క తెలుసు, ఇంజనీర్లకే తెలియదు.

కమిషనర్లూ, ముందు పాత పొర గీకని కాంట్రాక్టరు బిల్లు ఆపండి. ర్యాంపులు వాటంతటవే పొట్టివవుతాయి.