హైబ్రిడ్ కారు నడుపు రీతులు - పెట్రోలు పొదుపు



వేసవి నీటి నిలువను గూర్చి గత మాసమున ఈ శీర్షికక్రింద ముచ్చటించితిమి. ఈ మాసమున వాహనపు ఖర్చును గూర్చి వ్రాయదలచితిమి. బండి నడుపుట పురుషుల పనియనియు, దాని లెక్క మనకేలయనియు తలచువారు నేటికిని కొందరు కలరు. కాని పెట్రోలునకు పోవు రూకలు బియ్యము, పాలు, పిల్లల పుస్తకములు కొను పెట్టెలోనుండియే పోవుచున్నవి. ఆ పెట్టె తాళపుచెవి మనయొద్ద నుండగా ఆ లెక్క తెలిసికొనుట మనకు విధియే గదా.

మా మరిది సింగరేణి గనులలో ఉద్యోగి. నిరుడు దసరా ముందు కంపెనీవారు పంచిన లాభముల వాటాకు కొంత అప్పు చేర్చి హైబ్రిడ్ కారొకటి కొనెను. అతనిది షిఫ్టుల పని యగుటచే కారు తరచుగా గోదావరిఖనిలోని మా యింటి ముందరనే యుండును. మా వారు బడినుండి వచ్చిన పిదప దానిని నడుపుదురు. మేమును సంక్రాంతి వెళ్లిన పిదప నేర్చుకొని లైసెన్సు పొందితిమి.

పొరుగింటి వదినగారు మొదట అడిగిన ప్రశ్న యిది: "దీని కరెంటు తీగ ఏ ప్లగ్గున పెట్టుదురమ్మా? రామగుండము పొగగొట్టములు కంటి కెదురుగనే యున్నవి, మనకు కరెంటునకు కొదువ యేమి?" ఆమె అడిగినది సబబే. 2600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రము ప్రక్కన కాపురముండు వారికి ఆ తలంపు సహజము. కాని ఈ కారునకు ప్లగ్గు లేదు. అందు పెట్రోలు ఇంజనుతోపాటు ఒక విద్యుత్ మోటారు, ఒక చిన్న బ్యాటరీ కలవు. ఆ బ్యాటరీలోనికి వచ్చు ప్రతి కణము శక్తియు, చుట్టుతిరిగి యైనను, పెట్రోలునుండియే వచ్చుచున్నది. ఈ ఒక్క మాట మనసున నిలుపుకొనిన, తక్కినదంతయు సులభముగ తెలియును.

పెట్రోలునుండియే వచ్చినచో పొదుపు ఎక్కడనుండి వచ్చును? మామూలు కారు వేగముగ పోవుచు బ్రేకు వేసినపుడు ఆ వేగపు శక్తి యంతయు బ్రేకులలో వేడియై గాలిలో కలియును. గంజి వార్చి కాలువలో పోసినట్టిది. హైబ్రిడ్ కారు ఆ గంజిని కొంత దాచుకొనును. బ్రేకు వేసినపుడు చక్రములు మోటారును త్రిప్పగా, అది విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపును. మన బొగ్గుబండ్లను లాగు నూతన విద్యుత్ ఇంజనులును ఇట్లే వేగము తగ్గించునపుడు కరెంటును పై తీగకు తిరిగి పంపును. మరియు బండి నిలిచినపుడును, మెల్లగ కదలునపుడును ఇంజను తనంత తానే ఆగును. అందుచేతనే మాటిమాటికి ఆగి సాగు పట్టణపు వీధులలో ఈ కారు మేలు ఎక్కువ. సమవేగముతో పోవు పెద్దబాటపై ఆ మేలు తక్కువ.

ఈ తరహా కారును జపానున టయోటావారు 1997 డిసెంబరులో ప్రియస్ అను పేరుతో తొలుత విరివిగా విక్రయించిరి. మన దేశమున 2022లో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, హోండా సిటీ హైబ్రిడ్ వచ్చినవి. గ్రాండ్ విటారాకు లీటరునకు 27.97 కిలోమీటర్లని ప్రకటించిరి. అది పరీక్షాశాలలో రోలర్లపై, చలువయంత్రమును ఆపి కొలిచిన అంకె. మన యెండలలో, మన లారీల నడుమ అంత రాలేదని చింతింప నక్కరలేదు. కొనువారు మరియొకటి అడిగి తెలిసికొనవలెను: "మైల్డ్ హైబ్రిడ్" అనబడు కార్లలో మోటారు ఇంజనునకు కొంచెము చేయూత నిచ్చునేగాని సాధారణముగ తానొక్కటియే బండిని నడుపజాలదు. మేము చెప్పునది "స్ట్రాంగ్ హైబ్రిడ్"ను గూర్చి.

ఇక మీటల సంగతి. మా మరిది కారులో ఎకో, నార్మల్, పవర్ అను మూడు రీతులు, ఇ.వి. అను వేరొక బొత్తాము కలవు. ఎకోలో పాదము నొక్కినను ఇంజను నెమ్మదిగ బదులు పలుకును. చలువయంత్రపు జోరునుగూడ అది తగ్గించును. పవర్‌లో కొంచెము నొక్కగనే బండి దుముకును. నార్మల్ ఈ రెంటికి నడిమిది. ఏ రీతియందైనను ఇంజను అదియే, పెట్రోలు అదియే. పంక్తిలో నెయ్యి వడ్డించుట దీనికి సరియైన పోలిక. ఎకో చిన్న చెంచా. పవర్ పెద్ద గరిటె. నేతి గిన్నె మాత్రము ఒక్కటియే. చిన్న చెంచాతో పదిమారులు వడ్డించిన గిన్నెలో నెయ్యి మిగులునా? పెద్ద గరిటె చేతనున్నను తొణకక కొలతగా వడ్డించు ఇల్లాలు లేదా?

ఇ.వి. బొత్తామును గూర్చి చాలమందికి భ్రమ కలదు. దానిని నొక్కిన కొంతదూరము ఇంజను కదలక బండి నిశ్శబ్దముగ పోవును. చూచువారికి పెట్రోలు ఖర్చు లేనట్లే తోచును. కాని బ్యాటరీ చిన్నది, వెంటనే తరుగును. పిదప దానిని నింపుటకు ఇంజను అధికముగ శ్రమింపవలసివచ్చును. మజ్జిగను ఒక గిన్నెనుండి మరియొక గిన్నెకు మార్చునపుడెల్ల కొంత గిన్నె కంటుకొనును గదా. పెట్రోలు విద్యుత్తై, విద్యుత్తు బ్యాటరీలో నిలిచి, మరల మోటారునకు చేరులోపల అట్లే కొంత నష్టమగును. తెల్లవారుజామున ఇరుగుపొరుగువారి నిద్ర చెడకుండ బండిని వాకిటినుండి బయటికి తీయుటకు ఆ బొత్తాము మంచిది. పొదుపునకై పట్టుపట్టి నొక్కదగినది కాదు.

ఇంతవరకు చెప్పినది యంత్రపు సంగతి. మాకు బుద్ధి వచ్చిన సంగతియు చెప్పవలెను.

మే మాసమున ఒకనాడు మా అత్తగారిని వైద్యునికి చూపుటకై కరీంనగరమునకు పయనమైతిమి. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. మరిది బండి నడిపెను. లీటరునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునో చూపి స్నేహితులయొద్ద గెలువవలెనని అతని పంతము. ఎకో మీట వేసి, అది చాలదని చలువయంత్రపు గాలినిగూడ మిక్కిలి తగ్గించెను. బయట నిప్పులు చెరుగు ఎండ. మేము ముందు సీటున కూర్చుండి తెరపై మారు అంకెలను వేడుకగా చూచుచుంటిమి. వెనుకనున్న పెద్దామె ఒక్క మాటయు ఆడలేదు. సుల్తానాబాదు దాటిన పిదప తిరిగి చూతుము గదా, ముఖము పాలిపోయి, చీర కొంగు చెమటతో తడిసి, ఆమె ఒక ప్రక్కకు ఒరిగియుండెను. బండి ఆపి, చెట్టునీడకు చేర్చి, వెంట తెచ్చిన ఉప్పు మజ్జిగను కొంచెము కొంచెముగ త్రాగించితిమి. తడిగుడ్డతో మెడయు చేతులును తుడిచితిమి. గడియలో తేరుకొనెను. ఎండదెబ్బ తగులబోయి తప్పినదని వైద్యుడు చెప్పెను.

ఆ సాయంత్రము ఆమె కొడుకును పిలిచి, "బిడ్డా, నీ లీటరు లెక్కలో నన్ను గూడ వేసినవా?" అని మాత్రము అడిగెను. అతడు తల వంచుకొనెను. మేమును వంచుకొంటిమి. అంకెలను చూచిన కన్నులు మావి గూడ గదా.

అటుపిమ్మట మేము లెక్కపుస్తకము తెరచితిమి. పద్ధతి సులభము. ట్యాంకును నిండుగ పోయించి మీటరు అంకె వ్రాసికొనవలెను. కొన్ని దినములు తిరిగి మరల నిండుగ పోయించినపుడు ఎన్ని లీటర్లు పట్టెనో, ఎన్ని కిలోమీటర్లు తిరిగితిమో చూచి భాగింపవలెను. తెరపై అంకెకన్న ఇది నమ్మదగినది. ఇట్లు పలుమారులు చూడగా తేలిన దేమన, అలవాట్లు మార్పక ఎకో మీట మాత్రము వేసిన లీటరునకు సుమారు ఒక కిలోమీటరు కలిసివచ్చినది. మీటను నార్మల్‌నందే యుంచి, చలువయంత్రమును చాలినంత నడపి, పాదమును మాత్రము దిద్దుకొనగా మూడు కిలోమీటర్లు కలిసివచ్చినవి. ఆనాడు మరిది అంత పంతముతో నడిపియు పొందిన అంకెకు ఇది తక్కువ కాలేదు. కారణము స్పష్టమే. అతడు ఎకో మీట వేసికొనియే బొగ్గు లారీలను దాటుటకై నూరు కిలోమీటర్ల వేగమున పరుగెత్తించి, అంతలోనే బ్రేకు వేయుచుండెను. తల్లికి తగ్గించిన చలువతో మిగిల్చినదానిని తన పాదముతో పారబోసెను.

వేగము 80నుండి 100 అయినపుడు గాలి ఎదురు త్రోపు ఒకటిన్నర రెట్లకు మించును. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు ఇంట లీటరునకు 20 వచ్చిన 50 లీటర్లు కావలెను; 23 వచ్చిన నలువదిమూడున్నర చాలును. 2024లో మన రాష్ట్రమున లీటరు 107 రూపాయలు దాటినది. ఆ ధరకు నెలకు సుమారు ఏడువందల రూపాయలు మిగులును.

కావున మేము పాటించునవి చెప్పెదము. వీధులలో ఎకో రీతి మంచిదే. త్వరపడు పాదమునకు అది కళ్లెము వంటిది. లారీని దాటవలసినపుడు బండి చురుకుగ బదులు పలుకుట క్షేమము గావున నార్మల్, అవసరమైన పవర్ వేయుటకు సంకోచింపరాదు. ముందున్న కూడలిని దూరమునుండియే చూచి పాదము తీసి, బ్రేకును మెల్లగ చాలసేపు నొక్కవలెను; గట్టిగ ఒక్కమారు నొక్కిన చేతికి రావలసిన శక్తి వేడిగ పోవును. బండి ఆగినపుడు చాలసేపు న్యూట్రల్‌నం దుంచరాదు. ఆ స్థితిలో బ్యాటరీ నిండదు. చలువయంత్రము వేసికొని ఆసుపత్రి ముందు గంటలకొలది బండిలో కూర్చుండిన బ్యాటరీ తరిగి ఇంజను మరల మరల మేల్కొనును. టైర్లలో గాలిని పదిదినముల కొకసారి చూపించవలెను. కొన్ని కార్లలో వెనుక సీటు ప్రక్క బ్యాటరీకి గాలిపోవు జాలకముండును. దానికి సంచులు అడ్డము పెట్టరాదు. మన బొగ్గుధూళి సీమలో దానిని తుడిపించుట మరువరాదు.

భారతమున అరణ్యపర్వమందలి నలుని కథ మీ రెరిగినదే. రథము నడుపు నేర్పు బాహుకునిది. చెట్టుమీది కాయలను, ఆకులను చూచినంతనే లెక్కించు నేర్పు ఋతుపర్ణునిది. ఒకరి విద్య నొకరు గ్రహించిరి. ఇంటిలో బండి నడుపువా రొకరు, లెక్క వ్రాయువారు వేరొకరు అయినచో వీరును అట్లే ఒకరి విద్యను ఒకరికి నేర్పుకొనవలెను. లెక్కించునపుడు మాత్రము వెనుక సీటున మాటాడక కూర్చున్నవారిని మరువవలదు. మా అత్తగారి ప్రశ్నను మేము లెక్కపుస్తకపు మొదటి పుటమీదనే వ్రాసికొంటిమి.