మా సందుగ మేమే తెరవాలి

మీరెక్కణ్ణించి వచ్చారని మమ్మల్ని అడుగుతారు. జహీరాబాద్ అంటే తృప్తి పడరు. "అది సరే, అంతకు ముందు?" అంటారు. వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: అరేబియా, కాదంటే పాకిస్తాన్. మా దగ్గరున్న జవాబు వేరు. అదింకా కాగితం మీదికి రాలేదు.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉంది. 1956లో మెదక్‌లో కలిసింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఎక్కువగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల తరబడి తొక్కిపెట్టింది. సర్కారు దాచింది సరే, మనమెందుకు దాచాం? ఊళ్ళు విడిచి పట్నం దారి పట్టిన నానీమాలు మన ఇండ్లలోనే ఉన్నారు. అడిగితే "జో హువా సో హువా" అన్నారు. మనమూ ఊరుకున్నాం.

పోరాటం చేసినవాళ్ళు జ్ఞాపకాలు రాసుకున్నారు. రావి నారాయణరెడ్డి రాశారు, సుందరయ్య రాశారు. రాయాల్సిందే. కాని తెలుగు చదువరికి తెలిసిన ఆనాటి ముస్లిం ఎవరు? రజాకారు, నవాబు, లేకుంటే మఖ్దూం, షోయబుల్లాఖాన్. టాంగా తోలినవాడేడీ? బీడీలు చుట్టిన ఆమె ఏదీ?

తర్వాత గల్ఫ్ వలస. కఫీల్ చేతిలో పాస్‌పోర్టు పెట్టి మావాళ్ళు ఎడారిలో డ్రైవర్లయ్యారు, మేస్త్రీలయ్యారు. ఉత్తరం రాయరానివాళ్ళు క్యాసెట్లలో మాట్లాడి పంపారు. ఆ క్యాసెట్ల మీదనే మేం పెండ్లి పాటలు రికార్డు చేసుకున్నాం. ఆ గొంతులిక దొరకవు.

రాద్దామంటే ఏ భాషలో? ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, పక్క ఊళ్ళో కన్నడం. "అమ్మీ" అని రాస్తే "అమ్మ" అని దిద్దుతారు. "వలీమా"కు అర్థం రాయమంటారు. "ఉపనయనం"కు అర్థం రాయమని ఎవర్నైనా అడిగారా? దిద్దనివ్వకండి. మా అమ్మీలు మాట్లాడిందీ ఈ నేల భాషే.

మనకూ ఒక మాట. ఇంట్లో రజాకారు ఉంటే అదీ రాయాలి. ఆడవాళ్ళ వలసనూ రాయాలి. మొగుడు సౌదీలో ఉండగా పదిహేనేండ్లు ఒంటరిగా సంసారం లాగిన మనిషి గడప దాటకున్నా వలస బతుకే బతికింది. మనకు అనుకూలమైనదే ఏరి రాస్తే అది జ్ఞాపకం కాదు, వకాల్తా.

1948లో పదేండ్ల పిల్ల ఇప్పుడు తొంబైకి దగ్గర పడింది. 2022 నుంచి కేంద్రం సెప్టెంబర్ 17ను విమోచన దినమని జరుపుతోంది. ఆ రోజు ఆమె ఇంట్లో ఏం జరిగిందో ఆమెను అడిగినవాడు లేడు. ఈ ఈద్‌కు ఇంటికి పోయినప్పుడు ఆమె పక్కన కూచోండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మనం రాయకుంటే మన కథ రాసేందుకు వేరేవాళ్ళున్నారు. రాస్తూనే ఉన్నారు.