ఆ 4 శాతం ఎవరికి పోతోంది?

గ్రూప్‌-2 నోటిఫికేషన్‌ వస్తే ఎస్టీలకు ఎన్ని పోస్టులో మన ఏజెన్సీ యువత వేళ్ల మీద లెక్క చెప్తారు. ప్రభుత్వం కొనే కుర్చీలు, యూనిఫాంలు, నట్లు బోల్టుల్లో ఎస్టీ యజమానులకు వాటా ఉందా అంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు.

ఉంది. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు 4 శాతం. 2012 నాటి ఉత్తర్వు ఇది, అప్పట్లో మొత్తం వాటా 20 శాతమే. రామగుండం ఎన్టీపీసీ, విశాఖ ఉక్కు, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌ అన్నీ దీని కిందకే వస్తాయి.

చిక్కల్లా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ యూనిట్లు టెండర్‌ వేయకపోతే ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. ‘ఎవరూ రాలేదండీ’ అంటే ఆఫీసరు పని అయిపోయినట్టే! పైగా ఎస్టీలకంటూ విడిగా అంకె లేదు. ఆస్ట్రేలియాలో 2015 నుంచి పద్ధతి వేరు. అక్కడ 80 వేల నుంచి 2 లక్షల డాలర్ల కాంట్రాక్టులు చాలావాటికి, ఆ పని చేయగల ఆదివాసీ సంస్థ ఉందేమో అధికారే ముందు వెతకాలి. మన దగ్గరా వెతికే బాధ్యత కొనేవాడి మీదే పెట్టాలి.

అది మారేదాకా ఆగక్కర్లేదు. ఉద్యమ్‌ రిజిస్ట్రేషన్‌ ఉచితం. జెమ్‌ పోర్టల్‌లో అమ్మకందారుగా చేరండి. టెండర్‌ ఫారానికి డబ్బు కట్టక్కర్లేదు, ధరావతు కూడా అక్కర్లేదు. అతి తక్కువ ధర 100 రూపాయలై, మీది 115 లోపు ఉంటే, ఆ వందకే ఇస్తామని ఒప్పుకుని ఆర్డర్‌లో భాగం అడగొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, ఇది తయారీకీ సేవలకే. కొని అమ్మే ట్రేడర్లకు వర్తించదు. భాగస్వామ్యమైతే 51 శాతం వాటా మీదే కావాలి. ‘పేరు నీది, పెట్టుబడి నాది’ అంటూ వచ్చే బినామీలకు ఆ కాగితం అద్దెకివ్వకండి.

అసలు భయం బిల్లుల దగ్గర. సరుకు తీసుకున్నాక 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది, దాటితే వడ్డీ కట్టాలి, ఫిర్యాదూ చేయొచ్చు. కానీ రేపు మళ్లీ ఆర్డర్‌ ఇవ్వాల్సిన ఆఫీసు మీదే ఫిర్యాదు చేయడానికి ఏ కొత్త కుర్రాడు సాహసిస్తాడు? ఎస్టీ యూనిట్ల నుంచి ఎంత కొన్నారో, ఎన్ని రోజుల్లో చెల్లించారో ప్రతి సంస్థా ఏటా విడిగా ప్రకటించాలి.