కథలు వేరు.. క్రాఫ్ ఒకటే!

ఓ చిన్న ఆట ఆడదామా? ‘అర్జున్ రెడ్డి’ (2017), ‘కేజీఎఫ్’ (2018), ‘పుష్ప’ (2021), ‘దసరా’ (2023) పోస్టర్లు ఫోన్‌లో పక్కపక్కన పెట్టండి. జుట్టు, గడ్డం తప్ప మిగతాదంతా దాచేయండి. ఎవరు డాక్టరో, ఎవరు ఎర్రచందనం స్మగ్లరో, ఎవరిది కోలార్ బంగారు గనో, ఎవరిది సింగరేణి బొగ్గు ఊరో చెప్పగలరా? కష్టమే! అందరిదీ అదే చెదిరిన జుట్టు, అదే గుబురు గడ్డం. ఒక లుక్కు హిట్టయితే చాలు, అదే మాస్ హీరోల యూనిఫాం అయిపోతుంది.

అయితే ఏంటి నష్టం అంటారా? జుట్టు కూడా కథ చెబుతుంది మరి. ‘అర్జున్ రెడ్డి’ వచ్చిన మరుసటి ఏడాదే ‘గీత గోవిందం’లో విజయ్ దేవరకొండ నీటైన క్రాఫ్‌తో కనిపించాడు. నోరు విప్పకముందే బుద్ధిమంతుడైన లెక్చరర్ అని నమ్మేశాం. సగం పని దువ్వెనే చేసేసింది!

బొగ్గు మసిలో పెరిగినవాడి తల, ఆపరేషన్లు చేసేవాడి తల ఒకేలా ఉంటే వాళ్ల ఊరు, పని, కాలం అన్నీ ఆ గడ్డంలోనే కలిసిపోతాయి. ఈసారి ట్రైలర్ వస్తే ఫైట్లు కాసేపు పక్కనపెట్టి హీరో తల చూడండి. ఆ మనిషి ఏం పని చేసి బతుకుతాడో తెలిసిందంటే, డైరెక్టర్ హోంవర్క్ చేసినట్టే!